పాశ్చాత్య సినిమాల్లో అరబ్బులు, ముస్లింలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమా చూసి వస్తూ టీ కొట్టు దగ్గర మొదలుపెట్టిన వాదన ఒక్కోసారి ఇంటికి చేరినా తెగదు. అలాంటి వాదనల్లో మిత్రులు, బంధువులు, ఒకరిద్దరు విద్యార్థులు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలివి. జవాబుల్లో నా ఇష్టాయిష్టాలను దాచుకోలేదు.

అరబ్బు అన్నా ముస్లిం అన్నా ఒకటే కదా?

కాదు. అరబ్బు అనేది భాషను, జాతిని బట్టి వచ్చిన మాట. ముస్లిం అనేది మతాన్ని బట్టి వచ్చినది. ప్రపంచంలోని ముస్లింలలో అరబ్బులు దాదాపు అయిదో వంతు మాత్రమే. ముస్లింలు అందరికంటే ఎక్కువగా ఉన్న దేశాల్లో ఒకటి ఇండోనేషియా, అక్కడ ఎడారీ లేదు, ఒంటెలూ లేవు. లెబనాన్, సిరియా, ఈజిప్టు, పాలస్తీనాల్లో తరతరాలుగా క్రైస్తవ అరబ్బులున్నారు. ఇరానీయులు మాట్లాడేది పర్షియన్, వాళ్లను అరబ్బులంటే నొచ్చుకుంటారు.

మనకు ఇది కొత్త విషయం కాకూడదు. గుంటూరులో తెలుగు తప్ప మరో భాష రాని ముస్లిం కుటుంబాలున్నాయి. హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ ఇంటిభాష. అదే ఊళ్లో బార్కస్‌కు వెళితే, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చిన అరబ్బుల వారసులు కనిపిస్తారు. ఆ పేటకు ఆ పేరు సైనికుల బ్యారక్స్ నుంచే వచ్చింది. ఇన్ని రకాల మనుషులను హాలీవుడ్ ఒకే గంపలో వేసి, పైన ఒక తలగుడ్డ కప్పి అమ్మింది.

ఈ చిత్రణ ఎప్పుడు మొదలైంది? 2001 దాడుల తర్వాతేనా?

ఎక్కువమంది అలాగే అనుకుంటారు. నిజానికి మూకీల కాలం నుంచే ఉంది. 1921లో వచ్చిన 'ది షేక్' చూడండి. ఇటలీలో పుట్టిన రుడాల్ఫ్ వాలెంటినో అందులో అహ్మద్ బిన్ హసన్ అనే ఎడారి నాయకుడు. ఒక ఇంగ్లీషు యువతిని ఎత్తుకుపోయి గుడారంలో బంధిస్తాడు. పోనుపోను ఆమె అతన్ని ప్రేమిస్తుంది. ఇక్కడ రచయిత్రికి, నిర్మాతలకు ఒక చిక్కు వచ్చింది: తెల్ల యువతి అరబ్బును పెళ్లాడితే ఆనాటి ప్రేక్షకులు ఒప్పుకుంటారా? కథ చివర్లో విరుగుడు దొరికింది. షేక్ అసలు అరబ్బే కాదట! తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి స్పెయిన్ స్త్రీ, ఎడారిలో పెరిగాడంతే. మన పాత సినిమాల్లో కూలివాడు చివరికి జమీందారు కొడుకని పుట్టుమచ్చతో తేలినట్టు. అపహరించినంతసేపూ అరబ్బుగా ఉన్నవాడు, పెళ్లి మాట వచ్చేసరికి తెల్లవాడైపోయాడు.

ఆ రోజుల్లో అరబ్బు అంటే భయం కంటే మోజు ఎక్కువ. మాయ తివాచీలు, అంతఃపురాలు, బాగ్దాద్ దొంగలు. 1940లో బ్రిటన్ నుంచి వచ్చిన 'బాగ్దాద్ దొంగ'లో అబూ వేషం వేసిన కుర్రవాడు సాబు మనవాడే, మైసూరు సంస్థానంలోని మావటివాడి కొడుకు. ఏనుగుల కథ కోసం పిల్లవాణ్ని వెతుకుతూ వచ్చిన విదేశీ చిత్రబృందం కంట పడి లండన్ చేరాడు. బాగ్దాద్ అయినా భారతదేశం అయినా 'తూర్పు' అంటే ఒకటే అనుకున్న కాలం అది. అయినా ఆ సినిమాలో బతికి ఉన్నది అతని నవ్వే.

మోజు కాస్తా భయంగా ఎప్పుడు మారింది?

ఒక్క రోజులో మారలేదు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. 1967లో యుద్ధం. 1973లో అరబ్ దేశాలు చమురు సరఫరా నిలిపివేయడంతో అమెరికాలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. అప్పుడు తెర మీద కొత్త షేక్ పుట్టాడు: బొజ్జ, నల్ల కళ్లద్దాలు, డబ్బు సంచులు, అమెరికాను కొనేస్తానన్న బెదిరింపు. 1979లో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ముట్టడించారు. 52 మంది 444 రోజులు బందీలుగా ఉన్నారు. 1983లో బీరూట్‌లో అమెరికా సైనికుల శిబిరం మీద బాంబు దాడి, 1985లో విమానం హైజాక్.

ఆ హైజాక్ జరిగిన మరుసటి ఏడాదే దాన్ని ఆధారం చేసుకుని 'ది డెల్టా ఫోర్స్' వచ్చింది. తీసినది కానన్ సంస్థ, దాన్ని నడిపినవాళ్లు ఇజ్రాయెల్ నుంచి వచ్చిన ఇద్దరు బంధువులు, చిత్రీకరణ కూడా ఇజ్రాయెల్‌లోనే. అసలు ఘటన చర్చలతో ముగిసింది. సినిమా మోటారు సైకిల్ మీంచి రాకెట్లు వేసి ముగించింది. ఇంతకంటే నన్ను ఆలోచింపజేసేది 1985 నాటి 'బ్యాక్ టు ది ఫ్యూచర్'. కాలంలో వెనక్కి వెళ్లే పిల్లవాడి సరదా కథ అది. అందులో శాస్త్రవేత్తను కాల్చడానికి ఎవరో ఒకరు కావాలి. షాపింగ్ మాల్ ముందు ఖాళీ స్థలంలోకి ఒక వ్యాను, అందులో లిబియా తీవ్రవాదులు. వాళ్లెవరు, ఎందుకు వచ్చారు అని వివరించడానికి రెండు మాటలు సరిపోయాయి. ప్రేక్షకుడికి అప్పటికే అలవాటైపోయింది మరి.

జాక్ షాహీన్ పేరు ఎప్పుడూ వింటాం. ఎవరాయన?

పెన్సిల్వేనియాలో పుట్టిన లెబనీస్ సంతతి క్రైస్తవుడు, ఇలినాయిలో ప్రసార మాధ్యమాలు బోధించిన ఆచార్యుడు. డెబ్బయిల నడుమ ఒక శనివారం పొద్దున టీవీలో కార్టూన్లు చూస్తున్న పిల్లలు, చెడ్డ అరబ్బులను చూపిస్తున్నారని ఆయనకు చెప్పారు. అక్కడ మొదలైన లెక్క పాతికేళ్లు సాగింది. 900కు పైగా సినిమాలు చూసి 2001లో పుస్తకం వేశారు. అందులో అరబ్బులను మంచిగా చూపినవి ఓ డజను, పక్షపాతం లేకుండా చూపినవి యాభై చిల్లర. తక్కినవన్నీ ఎడారి దోపిడీ దొంగలు, కాముక షేకులు, బాంబులు పెట్టేవాళ్లు, మాట లేని నల్ల బురఖాలు.

తొమ్మిది వందల చెత్త సినిమాలను ఓపికగా కూర్చుని చూడటం ఎంత శిక్షో సినిమా పిచ్చి ఉన్నవాళ్లకే తెలుస్తుంది. 'త్రీ కింగ్స్', 'సిరియానా' తీసినవాళ్లు ఆయన్ను సలహాదారుగా పెట్టుకున్నారు. 2017లో కన్నుమూశారు.

తీవ్రవాదులు నిజంగా ఉన్నారు కదా? చూపిస్తే తప్పేమిటి?

ఉన్నారు. చూపించడం తప్పు కాదు. ఇటలీ మాఫియా మీద గొప్ప సినిమాలు వచ్చాయి, ఎవరూ ఆపలేదు. అయితే ఇటాలియన్లను వంటవాళ్లుగా, బాక్సర్లుగా, ప్రేమికులుగా, పోలీసులుగా చూపిన వందల సినిమాలు వాటి పక్కనే ఉన్నాయి. అరబ్బుకు ఆ 'పక్కన' లేదు. నా దృష్టిలో అసలు గొడవ చెడ్డ అరబ్బుతో కాదు, ఊరికే ఉండే అరబ్బు లేకపోవడంతో. కథకు ఏ సంబంధమూ లేకుండా పక్క టేబుల్ దగ్గర భోంచేస్తూ ఉండే అరబ్బును ఎన్ని సినిమాల్లో చూశారు?

2021లో బ్రిటిష్ నటుడు రిజ్ అహ్మద్‌తో, ముస్లింల దాతృత్వ సంస్థ పిల్లర్స్ ఫండ్‌తో కలిసి అమెరికాలోని ఆనెన్‌బర్గ్ పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. 2017 నుంచి 2019 వరకు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో బాగా ఆడిన 200 సినిమాలు తీసుకున్నారు. మాట్లాడే పాత్రల్లో ముస్లింలు 1.6 శాతం.

ముస్తఫా అక్కాద్ కథ కూడా ఈ ప్రశ్నకు జవాబే. ఆయన సిరియాలోని అలెప్పోవాడు. హాలీవుడ్‌కు వెళ్లి, ఇస్లాం పుట్టుక గురించి పాశ్చాత్యులకు చెప్పాలని 'ది మెసేజ్' తీశారు. ప్రవక్తను తెర మీద చూపకూడదు, గొంతు వినిపించకూడదు. ఎదుటి పాత్రలు కెమెరా వైపు చూసి మాట్లాడతాయి, కెమెరాయే ఆయన ఉన్న చోటు. ప్రతి సన్నివేశాన్నీ రెండుసార్లు తీశారు: ఒకసారి ఆంథనీ క్విన్ వంటి వాళ్లతో ఇంగ్లీషులో, మరోసారి అరబ్ నటులతో అరబిక్‌లో. తర్వాత ఇటలీ ఆక్రమణను ఎదిరించిన లిబియా వృద్ధ వీరుడు ఒమర్ ముఖ్తార్ మీద 1981లో 'లయన్ ఆఫ్ ది డెజర్ట్' తీస్తే, ఇటలీ దాన్ని ఏళ్ల తరబడి నిషేధించింది. ఇంత శ్రమపడినవాడికి డబ్బు తెచ్చిపెట్టినది మాత్రం 'హాలోవీన్' హారర్ సినిమాల వరస! 2005 నవంబరులో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో హోటళ్ల మీద అల్‌ఖైదా మనుషులు ఆత్మాహుతి దాడులు చేశారు. చనిపోయినవాళ్లలో అక్కాద్, ఆయన కూతురు ఉన్నారు.

తీవ్రవాదం అనగానే అరబ్బు ఏ వైపు నిలబడి ఉంటాడని తెర మనకు నేర్పిందో, అమ్మాన్‌లో ఆ రోజు అతను ఏ వైపు ఉన్నాడో పోల్చి చూడండి.

ఒక్క సన్నివేశంతో ఈ పక్షపాతాన్ని చూపించగలరా?

2000 నాటి 'రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్'. యెమెన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ముందు జనం. లోపలివాళ్లను కాపాడటానికి వచ్చిన అమెరికా సైనికాధికారి గుంపు మీద కాల్పులకు ఆజ్ఞ ఇస్తాడు. ఆడవాళ్లు, పిల్లలు కుప్పకూలతారు. అధికారి మీద విచారణ. అతని తరఫు వకీలు యెమెన్ వెళతాడు. అక్కడ ఒంటికాలితో కుంటుతూ తిరిగే చిన్నపిల్ల కనిపిస్తుంది. కెమెరా ఆ పిల్ల ముఖం మీద నిలుస్తుంది. ప్రేక్షకుడి మనసు కరుగుతుంది. ఇదేదో నిజాయితీ ఉన్న సినిమాలా ఉందే అనుకుంటాం.

తర్వాత అసలు జరిగినది చూపిస్తారు. గుంపులో అందరి చేతుల్లోనూ ఆయుధాలే. ఆ చిన్నపిల్ల చేతిలోనూ పిస్తోలు, ముఖంలో కసి. అంటే ఇంతకుముందు మీరు పడిన జాలి పొరపాటు అన్నమాట.

దుర్మార్గుణ్ని దుర్మార్గుడిగా చూపే సినిమాలు వేరు. ఈ సినిమా మొదట జాలి పుట్టించి, ఆ జాలి పడినందుకు మనల్నే సిగ్గుపడమంటుంది. అరబ్ అమెరికన్ సంఘాలు మండిపడ్డాయి. అమెరికాలో మాత్రం విడుదలైన వారం వసూళ్లలో మొదటి స్థానం దానిదే.

అరబ్ అమెరికన్లు నిరసన తెలిపినప్పుడు ఏమైనా మారిందా?

కొంచెం. 1992లో డిస్నీ 'అల్లాద్దీన్' మొదటి పాటలో, ముఖం నచ్చకపోతే చెవి కోసేసే దేశం మాది అన్న అర్థం వచ్చే పంక్తి ఉంది. పిల్లల సినిమాలో! అమెరికన్ అరబ్ వివక్ష వ్యతిరేక కమిటీ గట్టిగా పట్టుబట్టింది. మరుసటి ఏడాది వీడియో క్యాసెట్ వచ్చేసరికి ఆ పంక్తి పోయి ఎండ, విశాలమైన నేల వచ్చాయి. దాని వెంటనే ఉన్న 'అనాగరికం' అన్న మాటను మాత్రం అలాగే ఉంచారు. అది పోవడానికి 2019లో నటులతో మళ్లీ తీసేదాకా ఆగవలసి వచ్చింది. ఒక పల్లవి బాగుపడటానికి ఇరవై ఏడేళ్లు!

1994లో 'ట్రూ లైస్' మీద కూడా గొడవ జరిగింది. ఆ సినిమాలో తీవ్రవాద నాయకుడు వీడియో కెమెరా ముందు భీకరంగా బెదిరిస్తుంటే బ్యాటరీ అయిపోతుంది. నవ్వు వస్తుంది, నాకూ వచ్చింది. భయపెట్టేవాడూ వాళ్లే, వెకిలివాడూ వాళ్లే.

పెంటగాన్ పాత్ర ఎంత?

యుద్ధవిమానాలు, ఓడలు, హెలికాప్టర్లు కావాలంటే నిర్మాతలు అమెరికా రక్షణ శాఖను అడుగుతారు. ఆ శాఖలో సినిమాల కోసమే ఒక విభాగం ఉంది. ముందుగా స్క్రిప్టు చూస్తారు, నచ్చితే సహకారం, నచ్చకపోతే లేదు. ఇది రహస్యమేమీ కాదు. సైన్యం సహాయంతో తీసిన 'వింగ్స్' 1927 నాటిది, మొదటి ఆస్కార్ ఉత్తమ చిత్రం అదే. అమెరికా సైనికుడు తప్పు చేసే కథకు విమానం దొరకడం కష్టం, అవతలివాడు తప్పు చేసే కథకు తేలిక. ఇంతకుముందు చెప్పిన 'రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్', 'ట్రూ లైస్' రెండింటికీ సైన్యం సహకారం అందింది.

'లారెన్స్ ఆఫ్ అరేబియా' కూడా తప్పేనా?

తప్పొప్పుల జాబితాలో పెట్టి చేతులు కడుక్కోదగిన సినిమా కాదది. 1962 నాటి ఆ సినిమాను పెద్ద తెర మీద చూసే అవకాశం వస్తే వదలకండి. ఎడారి అంచున ఒక నల్లని చుక్క కనిపిస్తుంది. ఎండమావిలో వణుకుతూ, నిమిషాల కొద్దీ పెద్దదవుతూ వచ్చి ఒంటె మీద మనిషిగా మారుతుంది. అతనే షరీఫ్ అలీ, వేసినవాడు ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్. వస్తూనే తన బావిలో నీళ్లు తోడిన మనిషిని కాల్చి చంపుతాడు. తెర మీదికి వచ్చిన అలీ మొదటి పని హత్యే. కానీ సినిమా నడిచేకొద్దీ రక్తం చూసి కలవరపడేవాడు అలీ, రక్తం రుచి మరిగేవాడు ఇంగ్లీషు సైనికాధికారి లారెన్స్. అలాంటి తిరకాసు ఈనాటి సినిమాల్లోనూ అరుదు.

అయినా అరబ్ రాకుమారుడు ఫైసల్‌గా రంగు పూసుకున్న ఇంగ్లీషు నటుడు అలెక్ గిన్నెస్, తెగ నాయకుడు అవుదాగా అతికించిన ముక్కుతో ఆంథనీ క్విన్. ఎడారిలో ఒంటె మీంచి పడి వెనకబడితే లారెన్స్ వెనక్కి వెళ్లి తెచ్చిన గాసిమ్ మన హిందీ నటుడు ఐ. ఎస్. జోహర్. మూడున్నర గంటలకు పైగా నడిచే సినిమాలో ఒక్క స్త్రీకీ ఒక్క సంభాషణా లేదు.

మంచి ముస్లిం పాత్రలు కూడా వస్తున్నాయి కదా?

వస్తున్నాయి. అయితే ఆ మంచి ఎలాంటిదో చూడాలి. 1998 నాటి 'ది సీజ్'లో న్యూయార్క్‌లో బాంబులు పేలతాయి, అరబ్బులను తీగ కంచెల వెనక నిర్బంధిస్తారు. హీరో పక్కన అరబ్ సంతతి ఎఫ్‌బీఐ అధికారి ఒకడు ఉంటాడు, వేసినది లెబనీస్ సంతతి నటుడు టోనీ షలూబ్. చెడ్డవాళ్ల లెక్క సరిచేయడానికి ఒక దేశభక్తుణ్ని చేర్చడం అన్నమాట. ఎవలిన్ అల్‌సుల్తానీ అనే పరిశోధకురాలు ఈ పద్ధతి మీద పుస్తకమే రాశారు.

తెలుగు ప్రేక్షకుడికి ఇది వెంటనే అర్థమవుతుంది. 2002 నాటి 'ఖడ్గం'లో ప్రకాష్ రాజ్ వేసిన అమ్జద్ గుర్తున్నాడు కదా! ఆటో నడిపే దేశభక్తుడు, తమ్ముడు మాత్రం తీవ్రవాది. నాకు అమ్జద్ ఇష్టమే. కానీ పక్కింటి సుబ్బారావు ఏ సినిమాలోనూ తన దేశభక్తిని రుజువు చేసుకోవలసిన అవసరం రాదు. అతను అప్పు ఎగ్గొట్టినా, అల్లుడితో గొడవపడినా సుబ్బారావే.

'రిజ్ పరీక్ష' అంటే?

బ్రిటిష్ నటుడు రిజ్ అహ్మద్ 2017లో పార్లమెంటు భవనంలో ఇచ్చిన ప్రసంగం విని ఇద్దరు తయారుచేసిన చిన్న కొలబద్ద. సినిమాలో ముస్లిం పాత్ర ఉంటే, ఆ పాత్ర తీవ్రవాదం చుట్టూనే తిరుగుతోందా, కారణం లేకుండా కోపంతో ఊగిపోతోందా, మూఢంగా ఆధునికతకు ఎదురు నిలుస్తోందా, పాశ్చాత్య జీవనానికి ముప్పుగా కనిపిస్తోందా, మగవాడైతే ఆడవాళ్లను అణచేవాడుగా, ఆడమనిషైతే మగవాళ్ల చేతిలో అణిగినదిగా ఉందా అని అడగాలి. ఒక్కదానికి అవునన్నా పరీక్ష తప్పినట్టే. ఇలాంటి పరీక్షల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మంచి సినిమా తప్పవచ్చు, నీరసమైనది నెగ్గవచ్చు. అయినా ఒక వారం పాటు చూసిన ప్రతిదానికీ పెట్టి చూడండి.

బ్రిటన్, ఫ్రాన్స్‌లలో పరిస్థితి వేరా?

కొంత వేరు. అక్కడ వలస వచ్చినవాళ్ల పిల్లలే కథలు రాయడం మొదలుపెట్టారు. 2006లో రషీద్ బుషారెబ్ ఫ్రాన్స్‌లో 'ఇండిజెన్' తీశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ కోసం పోరాడిన ఉత్తరాఫ్రికా సైనికుల కథ అది. ఆ సైనికుల పింఛన్లను స్వాతంత్ర్యం వచ్చిన దేశాలవాళ్లంటూ దశాబ్దాలుగా ఎదగకుండా ఆపేశారు. సినిమా వచ్చిన ఏడాదే అధ్యక్షుడు షిరాక్ ప్రభుత్వం వాటిని ఫ్రెంచి సైనికులతో సమానంగా పెంచుతామని ప్రకటించింది. పింఛను పెంచిన సినిమా నాకు తెలిసి ఇదొక్కటే.

దీనితో తెలుగువాళ్లకు ఏమి పని?

జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, రాయచోటి వైపు ఏ ఊరికైనా వెళ్లి ఈ ప్రశ్న అడగండి. గల్ఫ్‌కు వెళ్లివచ్చినవాడికి కఫీల్ (పూచీ ఉండి పనిలో పెట్టుకునే యజమాని) అంటే ఎవరో, అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి పత్రం) అంటే ఏమిటో తెలుసు. పాస్‌పోర్టు లాక్కుని జీతం ఎగ్గొట్టిన కఫీల్ గురించి చెబుతాడు. తల్లి పోయిందని తెలియగానే సొంత డబ్బుతో టికెట్ కొని విమానం ఎక్కించిన కఫీల్ గురించీ చెబుతాడు. పాతబస్తీలో పేద ఇంటి ఆడపిల్లలను ముసలి షేకులు పెళ్లాడి తీసుకుపోయిన వార్తలు కూడా మనకు తెలుసు, అవి హాలీవుడ్ కల్పన కావు. అంటే అరబ్బుల్లో మంచీ చెడూ రెండూ దగ్గరగా చూసినవాళ్లం. తెర మీద ఒకటే చూపిస్తే పోల్చుకోవడానికి మన దగ్గర ఇంకొకటి ఉంది.

అరబిక్ రానివాళ్లం, తప్పులు ఎలా పట్టుకుంటాం?

పట్టుకోలేరన్న ధైర్యంతోనే తీస్తారు. 1984లో హాలీవుడ్ సాహస సినిమాల హీరో ఇండియానా జోన్స్ మన దేశానికి 'వచ్చినప్పుడు' మనవాళ్లు అనుమతి ఇవ్వకపోవడంతో శ్రీలంకలో తీశారు. తెర మీద ఉత్తర భారత పల్లెటూరు, ఊరివాళ్లు మాట్లాడేది సింహళం. రాజుగారి విందులో కోతి మెదడు. మనకు ఒళ్లు మండింది, అమెరికా ప్రేక్షకుడికి ఏ తేడా తెలియలేదు.

అరబ్బులు ఒకసారి తమ కసి భలేగా తీర్చుకున్నారు. 2015లో 'హోమ్‌ల్యాండ్' అనే అమెరికన్ సీరియల్‌ను బెర్లిన్‌లో తీస్తున్నారు. సిరియా సరిహద్దు శరణార్థి శిబిరం సెట్ వేసి, గోడల మీద అరబిక్ రాతలు కావాలని ఈజిప్టు చిత్రకారిణి హెబా అమీన్‌ను, మరో ఇద్దరిని పిలిచారు. వాళ్లు గోడల నిండా రాసి వెళ్లిపోయారు. కళాదర్శకుడు చూశాడు, దర్శకుడు చూశాడు, కెమెరా చూసింది, అక్టోబరులో లక్షలమంది చూశారు. గోడ మీద అరబిక్‌లో ఉన్నది: ఈ సీరియల్ జాత్యహంకారంతో నిండినది. మరో చోట: ఇదంతా పుచ్చకాయ. అరబిక్ వాడుకలో పుచ్చకాయ అంటే ఒట్టి చెత్త అని.

చిన్నపిల్లలకు 'అల్లాద్దీన్' చూపించవచ్చా?

హాయిగా చూపించండి. జీనీ కోసమైనా చూడాలి. మా అన్నయ్య కూతురికి పాత కార్టూన్ పెట్టాను. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటోంది, రోడ్డు మీద కనిపించిన ప్రతి బోర్డూ చదువుతోంది. బజారు సన్నివేశంలో ఆపమంది.

"బాబాయ్, ఆ కొట్టు మీద ఏమి రాసి ఉంది?"

అవి అక్షరాలు కావని, అరబిక్‌లా కనిపించడానికి ఊరికే గీసిన గీతలని చెప్పాను. కాసేపు తెర వైపే చూసింది.

"మరి ఆ ఊరివాళ్లకు అది ఏ కొట్టో ఎలా తెలుస్తుంది?"